నాలుగు చక్రాల ధైర్యం

మంచు దేశాల్లో కుటుంబం కోసం కారు కొనేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న: ‘ఆల్ వీల్ డ్రైవేనా?’ ఆ ప్రశ్న ఇప్పుడు మన షోరూముల్లోకీ వచ్చింది. ఏళ్ల తరబడి వాడినవాళ్ల అనుభవం మాత్రం అంతకుముందు ఇంకో ప్రశ్న వేసుకోమంటోంది.

ఆల్ వీల్ డ్రైవ్ కారు, అంటే నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే కారు, ఉన్నవాళ్లను దాని గురించి అడిగితే మెచ్చుకోలు దాదాపు ఒకే బాణీలో వస్తుంది. రాత్రికి రాత్రి అడుగెత్తు మంచు పడినా పొద్దున్నే ఇంటి ముందు నుంచి కదిలింది. ఇరుగుపొరుగు పారలు పట్టుకుని తవ్వుకుంటుంటే మా బండి రోడ్డెక్కింది. ఎత్తు మీద సిగ్నల్ పడి ఆగాల్సి వచ్చినా చక్రాలు గిర్రున తిరక్కుండా ముందుకెళ్లింది. ఈ మాటల్లో అతిశయోక్తి లేదు. కాకపోతే అన్నీ కదలడం గురించే. బయల్దేరడం, ఎక్కడం, ఇరుక్కున్నచోటి నుంచి బయటపడటం. ఆగడం గురించి, వేగంగా వచ్చి మలుపు తిరగడం గురించి ఆ స్థాయి పొగడ్త వినిపించదు. వినిపించకపోవడానికి కారణం ఉంది. ఆ కారు అదనంగా చేసే మేలంతా కదలడంలోనే ఉంది. ఆగడమూ మలుపు తిరగడమూ టైర్ల చేతిలో, డ్రైవరు కాలి కింద ఉన్నాయి. షోరూములో అమ్మేది మాత్రం రెండూ కలిపిన ధైర్యాన్ని. పిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకునే తల్లిదండ్రులు అదనపు డబ్బు కట్టేది భద్రత అనుకునే. దక్కేది మాత్రం కదిలే శక్తి. అది విలువైనదే, కానీ అది భద్రతకు మారుపేరు కాదు. ఈ తేడా తెలియక కొన్నవాళ్ల డబ్బు కొంతే వృథా అవుతుంది. తెలియక నడిపేవాళ్లకు అంతకన్నా పెద్ద నష్టమే జరగొచ్చు.

ఇది దూరదేశపు ముచ్చట కూడా కాదు. అమెరికాలో 70 శాతానికి పైగా రోడ్లు ఏటా సగటున అయిదంగుళాలకు మించి మంచు పడే ప్రాంతాల్లోనే ఉన్నాయని అక్కడి ఫెడరల్ హైవే విభాగం చెబుతుంది. న్యూజెర్సీలో ఎడిసన్, డెట్రాయిట్ శివార్లలో నోవై, ట్రాయ్, షికాగో పక్కన నేపర్‌విల్, ఇంకా ఉత్తరాన మినియాపొలిస్... తెలుగు కుటుంబాలు స్థిరపడిన ఊళ్లు చాలానే ఆ పట్టీలో ఉన్నాయి. హైదరాబాద్ ట్రాఫిక్‌లో ఆరితేరినా, మంచు మీద ఒక్క కిలోమీటరూ నడపని చేతులు మొదటి చలికాలంలోనే అక్కడ స్టీరింగ్ పట్టుకోవాలి. అలాంటివాళ్లకు ముందు వెళ్లినవాళ్లు ఇచ్చే సలహా ‘ఆల్ వీల్ డ్రైవ్ తీసుకోండి, నిశ్చింతగా ఉండొచ్చు’ అని. సలహాలో మొదటి సగం సబబే. రెండో సగమే పరీక్షకు నిలవాలి.

కరెంటు లైన్ల కోసం పుట్టిన కారు

కుటుంబ కారుకు నాలుగు చక్రాల బలం ఎవరి కోసం వచ్చిందో చూస్తే దాని పని ఏమిటో, హద్దు ఎక్కడో అర్థమవుతుంది. జపాన్‌కు ఈశాన్యాన ఉన్న తొహోకు ప్రాంతంలో చలికాలం కొండలన్నీ మంచుతో మూసుకుపోతాయి. అక్కడి విద్యుత్ సంస్థ సిబ్బంది లైన్లు చూసుకోవడానికి జీపుల్లో తిరిగేవారు. జీపులా మంచులో వెళ్లాలి, లోపల మాత్రం కారులా వెచ్చగా, హాయిగా ఉండాలి అని వాళ్లు కోరితే సుబారు ఒక చిన్న వ్యాన్‌ను వెనక చక్రాలకు కూడా ఇంజిన్ బలం అందేలా మార్చి ఇచ్చింది. 1971 టోక్యో మోటార్ షోలో ఆ బండి జనం కంటబడింది. 1972లో లియోన్ ఎస్టేట్ వ్యాన్ రూపంలో మామూలు కొనుగోలుదారులకు అందింది. తర్వాత అమెరికన్ మోటార్స్ 1980 మోడల్‌గా ఈగిల్‌ను తెచ్చింది. అదే ఏడాది జెనీవా ప్రదర్శనలో ఆడి క్వాట్రో వచ్చి, నాలుగు చక్రాల బలాన్ని మంచు నుంచి రేసుల వైపు తీసుకెళ్లింది. కుటుంబ కార్ల విషయంలో ఈ దారిని చివరిదాకా పట్టుకున్నది మాత్రం సుబారే. 1990ల నడుమ అమెరికాలో అమ్మకాలు నీరసించినప్పుడు అక్కడ అమ్మే కార్లన్నీ ఆల్ వీల్ డ్రైవే ఉండాలని నిర్ణయించుకుంది. అవుట్‌బ్యాక్, ఫారెస్టర్ పేర్లు ఇంటింటికీ చేరింది ఆ కాలంలోనే.

తమ కార్లు ఎవరు కొంటున్నారని అప్పట్లో ఆ కంపెనీ ఆరా తీస్తే ఆసక్తికరమైన జవాబు వచ్చింది. అమెరికాలో సగం అమ్మకాలు కొన్ని వర్గాల వల్లే జరుగుతున్నాయి: ఉపాధ్యాయులు, వైద్య సిబ్బంది, ఐటీ ఉద్యోగులు, కొండలూ అడవులూ తిరిగేవాళ్లు, లెస్బియన్ మహిళలు. ప్రకటనల చరిత్రలో ఈ సర్వే గురించి చాలా చెప్పుకుంటారు. మన విషయానికి పనికొచ్చేది అందులోని వైద్య సిబ్బంది. నర్సుకు డ్యూటీ ఉదయం ఏడింటికంటే ఏడింటికే. మంచు తీసే బండి మీ వీధిలోకి తొమ్మిదింటికి వస్తుందంటే ఆసుపత్రి ఆగదు. లైన్‌మన్ పనీ అంతే, తుపాను రాత్రే అతను బయటికెళ్లాలి. అంటే ఈ కారు మొదటి నుంచీ పనికొచ్చింది వాయిదా వేయలేని ప్రయాణం ఉన్నవాళ్లకు. వాయిదా వేసుకోగలిగినవాళ్లు కూడా అదే కారును, అదే ధరకు కొంటున్నారు. వాళ్లకు అది ఎంతవరకు అక్కరకొస్తుందన్నదే అసలు చర్చ.

చక్రం కింద ఏం జరుగుతుంది

మంచు కప్పిన ఇంటి వాకిలి, కాస్త ఎత్తుగా రోడ్డు వైపు. ముందు చక్రాలకే బలం అందే మామూలు కారు అక్కడ నిలబడి ఉంది. యాక్సిలరేటర్ మెల్లగా నొక్కగానే కుడి చక్రం నున్నటి మంచు మీద జారి గిర్రున తిరుగుతుంది. రెండు చక్రాల మధ్య ఉన్న డిఫరెన్షియల్‌కు ఒక స్వభావం ఉంది. తేలిగ్గా తిరుగుతున్న చక్రానికి తిరగడానికి ఎంత బలం చాలో, పట్టున్న రెండో చక్రానికీ అంతే ఇస్తుంది. జారుతున్న చక్రానికి పెద్దగా బలం అక్కర్లేదు. కాబట్టి పట్టు ఉన్న ఎడమ చక్రానికీ అది అందదు. వెనక రెండు చక్రాలు ఉత్తిగా నిలబడి చూస్తుంటాయి. ఇప్పుడు అదే వాకిట్లో హోండా సీఆర్‌వీ, మారుతి గ్రాండ్ విటారా తరహా ఆల్ వీల్ డ్రైవ్ కారును ఊహించండి. ముందు చక్రం వెనక చక్రం కంటే వేగంగా తిరుగుతోందని సెన్సర్లు రెప్పపాటులో పట్టేస్తాయి. వెనక ఇరుసు దగ్గరి పలకల క్లచ్ బిగుసుకుంటుంది. డ్రైవ్ షాఫ్ట్ ద్వారా బలం వెనక్కి చేరుతుంది. జారుతున్న ముందు చక్రాన్ని బ్రేక్ కొద్దిగా పట్టుకుంటుంది. వెనక నుంచి ఒక తోపు, కారు రోడ్డెక్కుతుంది. ఇద్దరు మోయలేని బరువును నలుగురు పంచుకున్నట్టు, ఏ ఒక్క టైరూ తన పట్టు తెగేంత బలం మోయాల్సిన పని లేకుండా పోతుంది. యజమానుల మెచ్చుకోలు అంతా ఈ కొద్ది క్షణాల గురించే.

అన్ని ఆల్ వీల్ డ్రైవ్‌లూ ఒకటి కావు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్న సుబారుల్లో మామూలప్పుడు కూడా బలం సుమారు 60 పాళ్లు ముందుకు, 40 పాళ్లు వెనక్కి వెళ్తూనే ఉంటుంది. సీఆర్‌వీ లాంటివి ముందు చక్రాల మీదే ఎక్కువగా ఆధారపడి, అవసరం పడినప్పుడు వెనక వాటిని పిలుస్తాయి. తెలుగు కుటుంబాలు అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఏడుగురు పట్టాలని ఇష్టపడే టయోటా సియెనా 2021 నుంచి అమెరికాలో హైబ్రిడ్‌గానే వస్తోంది. దాని ఆల్ వీల్ డ్రైవ్ రకంలో వెనకకు షాఫ్టే లేదు, ఒక చిన్న ఎలక్ట్రిక్ మోటారు వెనక చక్రాలను తిప్పుతుంది. మన జిమ్నీ, థార్‌లలో ఉన్న ఫోర్ బై ఫోర్ వేరే జాతి. దాన్ని మీటతో వేసుకోవాలి, పొడి తారు మీద వేసుకోకూడదు. మలుపులో ముందు, వెనక చక్రాలు వేర్వేరు దూరాలు తిరుగుతాయి కాబట్టి లోపలి భాగాలు ఒకదానినొకటి మెలిపెట్టుకుంటాయి. కుటుంబ కారు యజమాని ఇవేవీ పట్టించుకోనక్కర్లేకుండా ఎలక్ట్రానిక్స్ అన్నీ చూసుకోవడమే ఆల్ వీల్ డ్రైవ్‌లోని సుఖం. దాని ప్రమాదం కూడా అక్కడి నుంచే మొదలవుతుంది.

ఆగడం వేరే లెక్క

బ్రేక్ నొక్కితే ఏ కారైనా నాలుగు చక్రాలతోనే ఆగుతుంది. పాతికేళ్ల కిందటి చిన్న కారుకైనా, కొత్త అవుట్‌బ్యాక్‌కైనా నాలుగు బ్రేకులే. ఇంజిన్ బలం ఎన్ని చక్రాలకు వెళ్తుందన్నది ఆగే దూరం లెక్కలోకే రాదు. ఆ లెక్కలో ఉండేవి రెండే, వేగం, రోడ్డుకూ టైరుకూ మధ్య ఘర్షణ. పొడి తారు మీద ఆ ఘర్షణ గుణకం 0.8 దరిదాపు ఉంటుంది. చక్రాల కింద నలిగి గట్టిపడిన మంచు మీద 0.2కు, గాజులా గడ్డకట్టిన మంచు మీద 0.1కి పడిపోతుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో బ్రేక్ వేస్తే పొడి రోడ్డు మీద 12 మీటర్లలో ఆగే కారు, నలిగిన మంచు మీద 50 మీటర్లు, గాజుమంచు మీద దగ్గరదగ్గర 100 మీటర్లు పోతుంది. డ్రైవరు తేరుకుని బ్రేక్ మీద కాలు వేసేలోపు పోయే దూరం దీనికి అదనం. ఇప్పుడు అదే కారుకు చలికాలపు టైర్లు వేసి, నలిగిన మంచు మీద గుణకం 0.2 నుంచి 0.3కు పెరిగిందనుకుందాం. 50 మీటర్లు 33 అవుతాయి. ఆ 17 మీటర్ల తేడాలో నాలుగు కార్లు పడతాయి. ఈ లాభాన్ని ఏ ఇంజినూ ఏ డిఫరెన్షియలూ ఇవ్వలేవు, రబ్బరు ఒక్కటే ఇవ్వగలదు. మామూలు టైరు రబ్బరు ఏడు డిగ్రీల సెల్సియస్‌కు దిగువన బిరుసెక్కడం మొదలుపెడుతుంది. చలికాలపు టైరు ఆ చలిలోనూ మెత్తగా ఉండి, దాని మీది సన్నటి కోతలు మంచును కొరికి పట్టుకుంటాయి. అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ మంచు మీద చేసిన పరీక్షల్లోనూ తేలింది ఇదే. ఆగడానికీ, మలుపులో దారి తప్పకుండా ఉండటానికీ ఆల్ వీల్ డ్రైవ్ కంటే టైర్లే ముఖ్యం.

దీనికి తోడు యజమానులు ఆలస్యంగా తెలుసుకునే సంగతి ఒకటుంది. రోడ్డు జారుడుగా ఉందని డ్రైవరుకు మొదటి కబురు వచ్చేది కారు కదిలేటప్పుడే. మామూలు కారు చక్రం గిర్రున తిరిగి, స్టీరింగ్ తేలికై, ‘నెమ్మది’ అని హెచ్చరిస్తుంది. ఆల్ వీల్ డ్రైవ్ ఆ కబురును మధ్యలోనే మింగేస్తుంది. కారు పొడి రోడ్డు మీద ఉన్నట్టే హుందాగా వేగం అందుకుంటుంది. డ్రైవరుకు అసలు సంగతి తెలిసేసరికి ముందు కారు బ్రేక్ లైట్లు వెలుగుతుంటాయి. కదలడంలో ఇచ్చిన సాయమే అతని అంచనాను తప్పుదారి పట్టించిందన్నమాట. మలుపులోనూ ఇంతే. వేగం ఎక్కువై టైర్ల పట్టు తెగితే నాలుగు చక్రాలకూ బలం ఉన్న కారు కూడా గుంటలోకే పోతుంది.

మంచుతో ఏటా వేగే ప్రభుత్వాలకు ఈ సంగతి ఎప్పుడో అర్థమైంది. కొలరాడోలో రాకీ పర్వతాలను దాటే ఐ-70 రహదారి మీద సెప్టెంబరు నుంచి మే దాకా ప్రత్యేక నియమం నడుస్తుంది. ఆల్ వీల్ డ్రైవ్ ఉంటే టైర్లకు గొలుసులు చుట్టక్కర్లేదు కానీ టైరు చాళ్ల లోతు అంగుళంలో పదహారింట మూడు వంతులు, అంటే అయిదు మిల్లీమీటర్లకు కాస్త తక్కువ, ఉండి తీరాలి. అరిగిన టైర్లతో వచ్చిన ఆల్ వీల్ డ్రైవ్‌కు మినహాయింపు లేదు. కాలిఫోర్నియా కొండదారుల్లో మూడంచెల నియంత్రణ ఉంటుంది. రెండో అంచెలో నాలుగు చక్రాలకూ మంచు టైర్లున్న ఆల్ వీల్ డ్రైవ్‌ను గొలుసులు చుట్టకుండానే పోనిస్తారు. మూడో అంచె వస్తే ఏ కారైనా గొలుసులు వేసుకోవాల్సిందే. కెనడాలోని క్యూబెక్ ఇంకా సూటిగా వెళ్లింది. 2008 నుంచి చలికాలంలో ప్రయాణికుల వాహనాలకు చలికాలపు టైర్లు తప్పనిసరి చేసింది. ఇప్పుడు ఆ గడువు డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా. మీది ఆల్ వీల్ డ్రైవా కాదా అని ఆ చట్టం అడగదు. మూడు ప్రభుత్వాలూ వేర్వేరు మాటల్లో చెప్పేది ఒకటే: నాలుగు చక్రాల బలానికి విలువ ఉంది, అయితే అది టైర్ల తర్వాతే.

మంచు తక్కువ పడే చోట ఈ పాఠం మరింత కటువుగా ఉంటుంది. తెలుగువాళ్లు విస్తారంగా ఉండే డాలస్–ఫోర్ట్‌వర్త్ ప్రాంతంలో 2021 ఫిబ్రవరి 11 తెల్లవారుజామున ఐ-35 వెస్ట్ ఎక్స్‌ప్రెస్ లేన్లలో నూటముప్పైకి పైగా వాహనాలు ఒకదానినొకటి గుద్దుకున్నాయి. ఆరుగురు చనిపోయారు. కారణం రోడ్డు మీద కంటికి కనిపించని సన్నటి గడ్డమంచు. సున్నా డిగ్రీల దగ్గరుండే ఆ మంచు, మైనస్ ఇరవైలో ఉండే మినియాపొలిస్ మంచు కంటే ఎక్కువ జారుతుంది. అలాంటి పొర మీద ముందు గుట్టగా పడి ఉన్న వాహనాల్ని చూసి బ్రేక్ నొక్కిన డ్రైవరుకు, తన కారులో ఎన్ని చక్రాలకు బలం అందుతుందన్నది ఎందుకూ కొరగాని వివరం. ఆ ఉదయం సరైన సాధనం ఒక్కటే, ఇంట్లో ఉండిపోవడం.

వాడితే తెలిసే ఖర్చులు

కొనేటప్పుడు సేల్స్‌మన్ చెప్పని ఖర్చు టైర్ల రూపంలో వస్తుంది. యజమానుల ఫిర్యాదుల్లో తరచూ వినబడేదీ ఇదే. నాలుగు టైర్ల చుట్టుకొలతలో పావు అంగుళానికి మించి తేడా ఉండకూడదని సుబారు చెబుతుంది. వినడానికి సరళంగా ఉన్నా లెక్క వేస్తే గుండె గుభేలుమంటుంది. టైరు మీది రబ్బరు ఒక్క మిల్లీమీటరు అరిగితే చుట్టుకొలత ఆరు మిల్లీమీటర్ల పైచిలుకు తగ్గిపోతుంది, పావు అంగుళమూ అంతే. కొత్త టైరు చాళ్లు ఎనిమిది మిల్లీమీటర్ల లోతు, మీ పాతవి అయిదు అనుకోండి. మేకు దిగి ఒక టైరు చీలిపోతే దాని స్థానంలో కొత్తది వేస్తే తేడా 19 మిల్లీమీటర్లు. రెండు మీటర్ల పైచిలుకు చుట్టుకొలత ఉన్న చక్రాల మీద, కిలోమీటరుకు పాత టైరు కొత్తదానికంటే నాలుగు చుట్లు ఎక్కువ తిరుగుతుంది. వంద కిలోమీటర్లకు నాలుగు వందల చుట్ల పైమాటే. పక్కపక్క చక్రాల తేడాను డిఫరెన్షియల్ సర్దుకుంటుంది కానీ ముందు, వెనక ఇరుసుల మధ్య తేడా వాటిని కలిపే నడిమి క్లచ్ మీద పడుతుంది. అది ఎడతెగకుండా జారుతూ, వేడెక్కుతూ, చివరికి పెద్ద బిల్లుతో లొంగిపోతుంది. అందుకే ఒక్క పంక్చరు నాలుగు టైర్ల ఖర్చుగా మారుతుంది. అమెరికాలో కొన్ని టైర్ల షాపులు కొత్త టైరును చెక్కి పాతవాటి లోతుకు తెచ్చి వేస్తాయి. పది వేల కిలోమీటర్లకోసారి టైర్లను ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మార్పించుకునేవాళ్లకు ఈ తలనొప్పి తక్కువ. ఈ క్రమశిక్షణ లేని ఇంటికి ఆల్ వీల్ డ్రైవ్ సరిపడదు.

పెట్రోలు ఖర్చు గురించిన భయం మాత్రం అమెరికాలో పాతబడిపోయింది. అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ లెక్కల్లో 2023 సీఆర్‌వీ పెట్రోలు కారు ముందు చక్రాల బలంతో గాలన్‌కు 30 మైళ్లు, ఆల్ వీల్ డ్రైవ్‌తో 29 ఇస్తుంది. సియెనా హైబ్రిడ్ 36, 35. మన దగ్గర తేడా కాస్త పెద్దది. 2022లో వచ్చిన గ్రాండ్ విటారా మాన్యువల్‌కు కంపెనీ చెప్పిన మైలేజీ లీటరుకు 21.11 కిలోమీటర్లు, ఆల్ వీల్ డ్రైవ్‌కు 19.38. ఏడాదికి పదిహేను వేల కిలోమీటర్లు తిరిగేవాళ్లకు అరవై లీటర్లు దాటే అదనపు ఖర్చు, అంటే సుమారు ఏడు వేల రూపాయలు. భరించలేని మొత్తం కాదు. ఇంకో రకం ఫిర్యాదులను వేరుగా చూడాలి. పాత సియెనా ఆల్ వీల్ డ్రైవ్ మోడళ్లలో స్టెప్నీ ఉండేది కాదు, గాలి పోయినా కొంత దూరం నడిచే ప్రత్యేక టైర్లు ఇచ్చేవారు. వాటి ధర, త్వరగా అరిగే గుణం యజమానులను విసిగించాయి. సుబారు కొన్ని మోడళ్ల సీవీటీ ఆటోమేటిక్ గేర్‌బాక్సులకు వారంటీని పదేళ్లకు, లక్ష మైళ్లకు పెంచాల్సి వచ్చింది. ఇవి ఆయా కంపెనీల తయారీ ఎంపికలకు సంబంధించినవి. నాలుగు చక్రాల బలం అనే సూత్రం మీద ఈ నేరం మోపడం న్యాయం కాదు.

‘మరి వాడినవాళ్లంతా పొరబడ్డారా?’

ఇక్కడ గట్టి అభ్యంతరం వస్తుంది. లక్షలాది మంది ఏళ్ల తరబడి ఈ కార్లు నడిపి, మళ్లీ అవే కొంటున్నారు. తమకు భద్రంగా అనిపిస్తోందని చెబుతున్నారు. లెక్కలు కాగితం మీద ఉంటాయి, అనుభవం రోడ్డు మీద కదా? నిజమే, వాళ్ల అనుభవం అబద్ధం కాదు. కానీ అది ఎలాంటి అనుభవమో చూడాలి. చలికాలంలో కదలడం రోజూ చేసే పని. ఆల్ వీల్ డ్రైవ్ చేసిన మేలు ప్రతి ఉదయం కళ్ల ముందు కనిపిస్తుంది. ప్రాణం మీదికొచ్చే బ్రేక్ కొన్నేళ్లకోసారి పడుతుంది, కొందరికి ఎప్పుడూ పడదు. రోజూ రుజువయ్యే మేలు ఎప్పుడో వచ్చే పరీక్షకూ జవాబు అవుతుందని మనసు అనుకోవడం సహజం. పైగా ఈ కార్ల భద్రతకు ఆల్ వీల్ డ్రైవ్ కాక వేరే కారణాలూ ఉన్నాయి. అమెరికాలో 2012 మోడల్ ఏడాది నుంచి కార్లన్నింటికీ ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ తప్పనిసరి. కారు పక్కకు జారబోతుంటే ఒక్కో చక్రాన్ని విడిగా బ్రేక్ పట్టి దారిలోకి తెచ్చే వ్యవస్థ ఇది. ఒకే వాహనం చిక్కుకునే ప్రాణాంతక ప్రమాదాల ముప్పును ఇది సుమారు సగానికి తగ్గించిందని అక్కడి బీమా సంస్థల భద్రతా పరిశోధన కేంద్రం తేల్చింది. ముందు చక్రాల కారులోనూ ఇది ఉంటుంది. యజమాని మెచ్చుకోలు మాత్రం పేరున్న ఆల్ వీల్ డ్రైవ్ ఖాతాలో పడుతుంది.

రెండో అభ్యంతరం టైర్ల గురించి. చలికాలపు టైర్లు అదనపు ఖర్చు, అపార్ట్‌మెంటులో వాటిని ఎక్కడ దాచాలి, ఏడాదికి రెండుసార్లు మార్చడం ఎవరి వల్ల అవుతుంది? ఇబ్బంది నిజమే. అయితే ఆల్ వీల్ డ్రైవ్‌కు కట్టే అదనపు ధర అమెరికాలో దాదాపు పదిహేను వందల డాలర్లు. రిమ్ములతో సహా నాలుగు చలికాలపు టైర్లు సుమారు వెయ్యి డాలర్లకు వస్తాయి. అవి తిరిగే నెలల్లో మామూలు టైర్లు విశ్రాంతి తీసుకుంటాయి కాబట్టి రెండు జతలూ ఎక్కువ కాలం మన్నుతాయి. దాచుకోవడానికి చోటు లేనివాళ్లకు ఏడాది పొడవునా నడిచే, మంచు పరీక్షలో నెగ్గినట్టు మూడు శిఖరాల మధ్య మంచురేకు గుర్తు ఉన్న టైర్లూ ఇప్పుడు దొరుకుతున్నాయి. మూడో అభ్యంతరంలో కొంత బలముంది. పల్లపు దారిలో గేరు తగ్గించి దిగుతుంటే ఇంజిన్ బిగింపు నాలుగు చక్రాలకూ పంచుకుంటుంది, రెండే చక్రాలు జారే ముప్పు తగ్గుతుంది. అవును, నెమ్మదిగా దిగేటప్పుడు ఇది సాయమే. కానీ ముందున్న కారు గబుక్కున ఆగినప్పుడు కాపాడేది ఇంజిన్ బిగింపు కాదు. నాలుగోది ఎలక్ట్రిక్ కార్ల వాదన. రెండు మోటార్లుంటే షాఫ్టూ నడిమి క్లచ్చూ అక్కర్లేదు, ఖర్చు తగ్గింది, ఇక తీసుకుంటే పోయేదేముంది? కదలడం వరకు ఈ వాదన ఒప్పుకోదగ్గదే. అయితే బ్యాటరీ బరువుతో టైర్లు మరింత త్వరగా అరుగుతాయి. కాబట్టి ఎలక్ట్రిక్ కారులో టైర్ల మాట ఇంకా ముందుకొస్తుందే తప్ప వెనక్కి పోదు.

మన రోడ్ల మీద

మన దేశంలో కుటుంబ కారుకు ఆల్ వీల్ డ్రైవ్ వరస చిన్నదే. 2011లో మహీంద్రా ఎక్స్‌యూవీ 500, 2014లో రెనో డస్టర్, తర్వాత జీప్ కంపాస్, ఎక్స్‌యూవీ 700, గ్రాండ్ విటారా, 2025లో రెండు మోటార్ల టాటా హారియర్ ఎలక్ట్రిక్. కుటుంబంతో హిమాలయాలకు సొంత కారులో వెళ్లేవాళ్లకు దీని విలువ తెలుసు. మంచు కురిసిన రోజుల్లో మనాలీ దాటి అటల్ టన్నెల్ వైపు పోలీసులు ఫోర్ బై ఫోర్ వాహనాలనే పోనిచ్చే సందర్భాలు ఉంటాయి. కానీ ఆంధ్ర, తెలంగాణ రోడ్ల మీద మంచు లేదు. లంబసింగిలో చలి ఎంత వణికించినా రోడ్డు గడ్డకట్టదు. ఇక్కడి జారుడంతా వాననీటిది, బురదది. హైదరాబాద్–విజయవాడ హైవే మీద జోరువానలో వేగంగా పోతుంటే అరిగిన టైరు నీటిని పక్కకు తోయలేక దాని మీద తేలుతుంది. తేలిన టైరుకు బలం ఉన్నా లేకున్నా ఒకటే. చట్టం 1.6 మిల్లీమీటర్ల లోతు చాలంటుంది, వానాకాలానికి అంతకు రెట్టింపు ఉంటేనే నమ్మకం. అరకు, మారేడుమిల్లి ఘాట్లలో వానలో తోడుండేవి మంచి టైర్లు, బ్రేకులు, దిగేటప్పుడు తక్కువ గేరు.

వరద మీద భ్రమ ఇంకా ఎక్కువ. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచినప్పుడు కార్లను ముంచింది నీటి లోతు. ఇంజిన్ గాలి పీల్చుకునే గొట్టం ఎత్తుకు నీళ్లు చేరితే ఇంజిన్ సీజ్ అవుతుంది, చక్రాల సంఖ్యతో దానికి పని లేదు. అడుగు లోతు ప్రవాహం చాలా కార్లను, రెండడుగుల ప్రవాహం పెద్ద ఎస్‌యూవీలను కూడా తోసుకుపోగలదని అమెరికా వాతావరణ విభాగం ఏటా హెచ్చరిస్తుంది. మన వాగులూ అంతే బలంగా తోస్తాయి. మరి ఇక్కడ ఆల్ వీల్ డ్రైవ్ ఎవరికీ వద్దా? నల్లరేగడి నేలల్లో పొలానికి, వానాకాలంలో ఏజెన్సీ గ్రామాలకు రోజూ కారులో వెళ్లక తప్పనివాళ్లకు అది పనికొస్తుంది. అక్కడా టైర్ల షరతు తప్పదు. తడిసిన రేగడి హైవే టైరు చాళ్లను పూర్తిగా పూడ్చేసి దాన్ని నున్నటి గుండులా మారుస్తుంది. అప్పుడు రెండు చక్రాలకు బదులు నాలుగూ ఒకేచోట తిరుగుతాయి, అంతే తేడా.

ఇన్ని కోణాల నుంచి చూసినా తేలేది ఒక వరసక్రమం. కారు కొనేముందు వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న ‘ఆల్ వీల్ డ్రైవ్ ఉందా?’ అన్నది కాదు. ‘రోడ్డు బాగోలేని రోజు నేను వెళ్లి తీరాల్సిన ప్రయాణం ఉందా?’ అన్నది. ఆసుపత్రి డ్యూటీలున్న ఇంటికి, మంచు తీసే బండి ఆలస్యంగా వచ్చే ఎత్తు వీధిలో ఉండే ఇంటికి, ఏజెన్సీ దారిలో బడికి వెళ్లే ఉపాధ్యాయుడికి జవాబు అవుననే. వాళ్లు ఆల్ వీల్ డ్రైవ్ తీసుకోవాలి, దాని మీద మంచి టైర్లూ వేయించాలి. ఇంటి నుంచే పని చేసుకోగలిగిన న్యూజెర్సీ ఐటీ కుటుంబానికి, వారాంతంలో గుడికీ షాపింగుకీ వెళ్లే ఇంటికి జవాబు కాదనే ఎక్కువ. వాళ్లకు ముందు చక్రాల కారు మీద చలికాలపు టైర్లు, అరిగిన మామూలు టైర్ల మీద తిరిగే ఆల్ వీల్ డ్రైవ్ కంటే మంచి బేరం. మన రాష్ట్రాల్లో చాలామంది ఆల్ వీల్ డ్రైవ్‌కు కట్టే అదనపు ధరను కారులో స్టెబిలిటీ కంట్రోల్ ఉన్న వేరియంటుకూ, మూడేళ్ల తర్వాత వచ్చే కొత్త టైర్ల జతకూ కేటాయించడం మేలు. ఎవరు ఏది కొన్నా, ఆల్ వీల్ డ్రైవ్ వాడి అనుభవమున్న డ్రైవర్లను వేరు చేసేది ఒక అలవాటు. రోడ్డు జారుతుందేమోనని అనుమానం వస్తే వాళ్లు ఖాళీ చోట, నెమ్మది వేగంలో ఒకసారి బ్రేక్ నొక్కి చూస్తారు. ఎంత తేలిగ్గా కదిలిందన్న దాన్ని బట్టి కాకుండా, ఎంత దూరంలో ఆగిందన్న దాన్ని బట్టి ఆ రోజు వేగాన్ని నిర్ణయించుకుంటారు. కుటుంబ కారును కొనేటప్పుడు కూడా పెట్టుకోవాల్సిన కొలమానం అదే.